ఐసీ ఒకటి, ‘ఇక్’ మరొకటి: రెండక్షరాల వెనుక ఎన్ని అర్థాలు?

సంక్షిప్తంగా: ఇంగ్లీషులో ఐ, సీ అనే రెండక్షరాలు ఒంటరిగా నిలిస్తే పొడి అక్షరాలు, పదం చివర చేరితే ప్రత్యయం. పొడి అక్షరాలకు అర్థం చుట్టూ ఉన్న రంగాన్ని బట్టి వస్తుంది. ప్రత్యయానికి అర్థం నియమాన్ని బట్టి వస్తుంది. రెండింటిలోనూ గందరగోళం పుట్టేది ఒక రంగంలోని రాత మరో రంగంలోకి వెళ్లినప్పుడే. ఈ రెండూ ఎలా పనిచేస్తాయో, తెలుగు లిపిలోకి వచ్చినప్పుడు వాటికి ఏమవుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఫోన్ బాగుచేసే మెకానిక్ ‘ఛార్జింగ్ ఐసీ పోయింది’ అంటాడు. ఊపిరితిత్తుల పరీక్ష నివేదికలో ఐసీ అన్న వరుసకు ఎదురుగా లీటర్లలో ఒక అంకె ఉంటుంది. ఖగోళ ఛాయాచిత్రం కింద ‘ఐసీ 434’ అని రాసి ఉంటుంది. కార్యాలయ ఉత్తర్వులో అధికారి హోదా పక్కన ఐ, సీల మధ్య ఒక గీత గీసి ఉంటుంది. అక్కడ అది ఇన్‌ఛార్జికి గుర్తు. ఈ నాలుగు చోట్లా అక్షరాలు అవే అయినా, ఒక అర్థానికి మరో అర్థంతో ఎలాంటి చుట్టరికమూ లేదు. అందువల్ల ‘ఐసీ అంటే ఏమిటి’ అన్న ప్రశ్నకు, అది ఎక్కడ కనిపించిందో చెప్పనంత వరకు, సరైన జవాబు ఉండదు.

పొడి అక్షరాలు ఎందుకు ఇరుకవుతాయి

ఇంగ్లీషు అక్షరమాలలోని 26 అక్షరాలతో రెండేసి అక్షరాల కూర్పులు 676 మాత్రమే సాధ్యం. సంస్థలు, పరికరాలు, వ్యాధులు, కొలతలు, పదవులు వేల సంఖ్యలో ఉన్నప్పుడు ఒకే కూర్పు పలుచోట్ల వాడుకలోకి రావడం తప్పదు. పైగా అన్ని అక్షరాల మీదా ఒకే బరువు పడదు. ఇంటర్నేషనల్, ఇంటర్నల్, ఇంటిగ్రేటెడ్, ఇండస్ట్రియల్ వంటి విశేషణాలు ఐతో మొదలవుతాయి. కమిటీ, కౌన్సిల్, సెంటర్, కంట్రోల్, సర్క్యూట్, కెపాసిటీ వంటి నామాలు సీతో మొదలవుతాయి. విశేషణం ముందు, నామం తర్వాత వచ్చే ఇంగ్లీషు పదక్రమంలో ఈ రెండు గుంపులు తారసపడిన ప్రతిచోటా కొత్త ఐసీ ఒకటి పుడుతుంది. క్యూ, జెడ్ వంటి అక్షరాల కూర్పులకు ఈ బెడద చాలా తక్కువ.

సామాన్య వాడుకలో ఐసీ అనగానే మొదట తట్టేది ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్. ట్రాన్సిస్టర్లు, నిరోధకాలు, కెపాసిటర్లు విడివిడిగా తయారై తీగలతో కలిసే కాలంలో, వాటన్నిటినీ ఒకే అర్ధవాహక ముక్క మీద తయారుచేయవచ్చని జాక్ కిల్బీ 1958 సెప్టెంబరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో చేసి చూపించాడు. ఆయన వాడింది జెర్మేనియం. మరుసటి ఏడాది ఫెయిర్‌చైల్డ్ సంస్థలో రాబర్ట్ నాయిస్ సిలికాన్ మీద, భాగాలను కలిపే లోహపు దారులను కూడా అదే ముక్క పైన అచ్చువేసే పద్ధతిని రూపొందించాడు. పెద్ద ఎత్తున తయారీకి దారి వేసింది ఈ రెండో పద్ధతే. కిల్బీకి 2000లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. నాయిస్ అప్పటికి పదేళ్ల కిందటే మరణించాడు.

ఎలక్ట్రానిక్స్ అనే ఒక్క రంగంలో కూడా ఈ రెండక్షరాలకు ఒకే అర్థం లేదు. ట్రాన్సిస్టర్ వివరపత్రం తెరిస్తే అందులో పెద్ద ఐ పక్కన, కొంచెం కిందికి దించి రాసిన చిన్న సీ కనిపిస్తుంది. అది కలెక్టర్ కరెంటు, అంటే ట్రాన్సిస్టర్ కలెక్టర్ కాలి గుండా ప్రవహించే విద్యుత్తు. విద్యార్థులు ఎక్కువగా వాడే బీసీ547 ట్రాన్సిస్టర్‌కు దీని గరిష్ఠ పరిమితి 100 మిల్లీఆంపియర్లు. అదే పుటలోని సర్క్యూట్ బొమ్మలో చిప్ పక్కన ‘ఐసీ1’ అని ఉండవచ్చు. ఒకటి వస్తువు, మరొకటి రాశి. ఈ తేడాను నిలబెడుతున్నది అక్షరం ఎంత ఎత్తులో ఉందన్నది మాత్రమే. ముద్రణలో ఆ దింపుడు పోయినప్పుడు, లేదా పాఠాన్ని సాదా అక్షరాల్లోకి మార్చినప్పుడు, కొత్తగా నేర్చుకునేవారికి రెండూ కలిసిపోతాయి.

పక్కనున్న అంకె చెప్పే సంగతి

చాలా సందర్భాల్లో పొడి అక్షరాల అర్థాన్ని తేల్చేది వాటి పొరుగే. ఐసీ తర్వాత ఖాళీ వదిలి అంకె వస్తే, అది నక్షత్ర సమూహమో, నీహారికో, గెలాక్సీయో అయ్యే అవకాశం ఎక్కువ. ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్ డ్రేయర్ 1888లో 7,840 ఖగోళ వస్తువులతో ‘న్యూ జనరల్ కేటలాగ్’ ప్రచురించాడు. ఆ తర్వాత కొత్తగా కనుగొన్నవాటిని చేర్చడానికి 1895లో ఒకటి, 1908లో మరొకటి అనుబంధ జాబితాలు వచ్చాయి. వాటి పేరు ఇండెక్స్ కేటలాగ్, పొడిగా ఐసీ. రెండింటిలో కలిపి 5,386 వస్తువులున్నాయి. గుర్రపు తల ఆకారంలో కనిపించే చీకటి నీహారికకు వెనుక ఎర్రగా వెలిగే వాయు మేఘం ఐసీ 434. ఇక్కడ రెండక్షరాలు జాబితా పేరు, అంకె ఆ జాబితాలోని వరుస స్థానం. వస్తువు స్వభావం గురించి ఆ పేరు ఒక్క ముక్క కూడా చెప్పదు.

అంకె 50 అయి, అది ఖాళీ లేకుండా కిందికి దిగి ఉంటే సంగతి ఔషధశాస్త్రానిది. ఐసీ50 అంటే, ఒక ఎంజైమ్ లేదా ఇతర జీవక్రియ చురుకుదనాన్ని సగానికి తగ్గించడానికి అవసరమయ్యే మందు గాఢత. ఈ అంకె చిన్నదైన కొద్దీ మందు బలమైనది. పెద్ద సంఖ్యను గొప్పగా చూసే అలవాటు ఉన్న పాఠకుడు ఇక్కడే తడబడతాడు. ఒక పదార్థానికి 10 నానోమోలార్ (గాఢతకు ఒక కొలమానం), మరొకదానికి 1,000 నానోమోలార్ అని వస్తే, ఆ పరీక్షలో మొదటిది వంద రెట్లు శక్తిమంతమైనదని అర్థం. ‘ఆ పరీక్షలో’ అన్న మాట కీలకం. ఎంజైమ్‌తో పోటీపడే మందు విషయంలో, పరీక్షలో ఎంజైమ్‌కు ఎంత ఆధార పదార్థం (ఎంజైమ్ పనిచేసే పదార్థం) అందించారన్నదాన్ని బట్టి ఐసీ50 మారిపోతుంది. ఈ సంబంధాన్ని 1973లో చెంగ్, ప్రూసాఫ్ సమీకరణ రూపంలో ఇచ్చారు. కనుక రెండు వేర్వేరు ప్రయోగశాలల నుంచి వచ్చిన ఐసీ50 విలువలను, పరిస్థితులు సరిచూడకుండా పక్కపక్కన పెట్టి ఏ మందు మెరుగో తేల్చడం సరికాదు. కొత్త మందుల వార్తల్లో ఈ జాగ్రత్త తరచూ కొరవడుతోంది.

ఐసీ తర్వాత ‘ఇంజిన్’ అని ఉంటే అది అంతర్దహన యంత్రం. జర్మనీ రైళ్ల పట్టికలో అయితే 1971 నుంచి నగరాల మధ్య నడుస్తున్న ఇంటర్‌సిటీ సర్వీసు. మలేసియా, సింగపూర్ వాసుల మాటల్లో గుర్తింపు కార్డు. సందేశాల్లో పొట్టిగా రాసే చోట అవే అక్షరాలను పేర్లుగా పలికితే ‘ఐ సీ’, అంటే ‘అలాగా’ అన్న స్పందన. వీటిలో దేనికీ పెద్ద వివరణ అక్కర లేదు.

వివరణ కోరేవి మాత్రం రెండున్నాయి. మొదటిది రోమన్ అంకెలది. నూరులో ఒకటి తీసేస్తే తొంభైతొమ్మిది కనుక ఐసీ అని రాస్తే చాలని అనిపిస్తుంది. కానీ నేడు ప్రామాణికమైన పద్ధతిలో ఐ గుర్తును అయిదు, పది గుర్తుల నుంచి మాత్రమే తీసివేయాలి. అందుకే తొంభైని ఎక్స్‌సీగా, తొమ్మిదిని ఐఎక్స్‌గా విడివిడిగా రాసి కలపాలి. రెండోది తూర్పు క్రైస్తవ సంప్రదాయపు పటాల్లో ఏసు బొమ్మకు ఇరువైపులా కనిపించే ఐసీ, ఎక్స్‌సీ గుర్తులు. చూపుకు అక్కడున్నది ఇంగ్లీషు సీ. నిజానికి అది గ్రీకు సిగ్మా; ఆ కాలపు రాతలో సిగ్మాను నెలవంకలా వంచి రాసేవారు. పవిత్ర నామాన్ని మొదటి, చివరి అక్షరాలతో కుదించి పైన అడ్డగీత గీయడం గ్రీకు రాతప్రతుల ఆచారం. అంటే ఇక్కడ అక్షరాలే మారువేషంలో ఉన్నాయి, కుదింపు పద్ధతి కూడా వేరు: రెండు పదాల తొలి అక్షరాలకు బదులు, ఒకే పదం రెండు కొసలు.

పొరపాటు ప్రాణం మీదికి వచ్చే చోటు

పొడి అక్షరాల అస్పష్టత చాలా రంగాల్లో కాసేపు తికమక పెట్టి వదిలేస్తుంది. వైద్యంలో అలా వదలదు, ఎందుకంటే ఒకే రోగి కాగితాలు పలు విభాగాల చేతులు మారతాయి. శ్వాసకోశ విభాగంలో ఐసీ అంటే ఇన్‌స్పిరేటరీ కెపాసిటీ, అంటే మామూలుగా ఊపిరి వదిలాక ఎంత గాలి లోపలికి పీల్చుకోగలరన్న కొలత. మూత్రకోశ విభాగంలో అది ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అనే దీర్ఘకాలిక నొప్పి సమస్య. రక్తనాళాల నిపుణుడికి అది ఇంటర్మిటెంట్ క్లాడికేషన్, అంటే కాలి ధమనులు ఇరుకై నడిచినప్పుడు పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గే నొప్పి. ఒక్కో విభాగంలో ఎవరికీ సందేహం రాదు. ఆ కాగితం విభాగం దాటినప్పుడే సందేహం పుడుతుంది. అలవాటుపడినవారికి ఆ అస్పష్టత కనిపించకపోవడమే అసలు చిక్కు.

ఇలాంటి ప్రమాదాలను అడ్డుకోవడానికి అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ‘వాడకూడని’ సంక్షిప్తాల జాబితా తెచ్చింది. అందులో యూనిట్‌కు బదులు రాసే యూ అక్షరం ఉంది. చేతిరాతలో అది సున్నాలాగో నాలుగులాగో కనిపించి ఇన్సులిన్ మోతాదు పదింతలయ్యే ముప్పు ఉంది. ఎంఎస్ కూడా ఉంది; అది మార్ఫిన్ సల్ఫేటా, మెగ్నీషియం సల్ఫేటా అన్నది రెండక్షరాలు చెప్పలేవు. ఐసీ ఆ జాబితాలో లేదు. అయినా ఆ నిషేధాల వెనుకనున్న తర్కం దీనికీ వర్తిస్తుంది: రాసినవారి మనసులో ఒకే అర్థం ఉన్నంత మాత్రాన చదివేవారికి అదే అర్థం చేరుతుందన్న హామీ లేదు.

పదం చివర చేరితే కథ వేరు

ఇప్పుడు అవే అక్షరాలు పదం కొసకు వెళ్లినప్పుడు ఏమవుతుందో చూడాలి. ఎలక్ట్రిక్, అటామిక్, డెమోక్రటిక్ వంటి పదాల్లోని ‘ఇక్’ గ్రీకు ‘ఇకోస్’ నుంచి లాటిన్ ‘ఇకుస్’, ఫ్రెంచి ‘ఈక్’ మీదుగా ఇంగ్లీషుకు చేరింది. ‘దానికి సంబంధించిన’ అన్నది దాని మూలార్థం. ఈ ప్రత్యయం తెలుగువారికి కొత్తది కాదు. సామాజిక, వైదిక, లౌకిక అన్న మాటల్లోని సంస్కృత ‘ఇక’ దీనికి జ్ఞాతి అని, రెండూ ఒకే ప్రాచీన మూలం నుంచి విడిపోయాయని భాషాశాస్త్రజ్ఞులు పరిగణిస్తారు. ఎకనామిక్ అన్నదానికి ఆర్థిక అని రాసినప్పుడు, అర్థంతో పాటు తోకను కూడా దాని దూరపు బంధువుతోనే అనువదిస్తున్నట్టు లెక్క.

రెండు భాషల్లోనూ ఈ తోక ఊరికే అతుక్కోదు, ముందున్న పదాన్ని కదిలిస్తుంది. ఇంగ్లీషులో ఊనికను తన ముందరి అక్షరం మీదికి లాగుతుంది: ఆటమ్‌లో మొదటి అక్షరం మీద ఉన్న ఊనిక అటామిక్‌లో రెండోదాని మీదికి జరుగుతుంది. సంస్కృతంలో మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది: సమాజం సామాజికం, వేదం వైదికం, లోకం లౌకికం, భూగోళం భౌగోళికం అవుతాయి. పాణిని ఈ పనిని ఠక్ వంటి ప్రత్యయాలతో చెప్పి, అందులోని ఠకారానికి బదులు ‘ఇక’ వస్తుందని ‘ఠస్యేకః’ అన్న సూత్రంలో విధించాడు. ఈ నియమం ప్రకారం చరిత్ర నుంచి చారిత్రిక రావాలి. పత్రికల్లో విస్తారంగా కనిపించేది చారిత్రక. వాడుక ఎంత స్థిరపడినా, మిగిలిన పదాలతో పోల్చి చూస్తే రెండో రూపం వరుసలో నిలవదు.

తోక ఒకటే అయినంత మాత్రాన మూలం ఒకటి కానక్కర లేదన్నది కూడా తెలుగులో బాగా తెలుస్తుంది. కోరిక, ఓపిక, అల్లిక, కూడిక అన్నవి కోరు, ఓపు, అల్లు, కూడు అనే అచ్చ తెలుగు ధాతువుల నుంచి వచ్చిన నామాలు. వీటి ‘ఇక’కు సంస్కృతంతో సంబంధం లేదు. బాలిక, నాయికల్లోని ‘ఇక’ స్త్రీలింగ రూపం. ‘ఇక చాలు’ అన్నప్పటి ‘ఇక’ పూర్తిగా వేరే పదం. సామాజికలోని ‘ఇక’ను చూసిన కళ్లతో కోరికను విడదీస్తే ‘కోరుకు సంబంధించిన’ అన్న అర్థం లేని ఫలితం వస్తుంది. ఇంగ్లీషులోనూ ఇదే పరిస్థితి. గార్లిక్‌లో ‘ఇక్’ ప్రత్యయం కాదు. పాత ఇంగ్లీషులో ‘ఈటె’, ‘లీక్ మొక్క’ అనే రెండు మాటలు కలిసి అరిగిపోగా మిగిలిన ధ్వని అది. మ్యూజిక్, లాజిక్‌లలో ఉన్నది నిజమైన ప్రత్యయమే కానీ, విశేషణం కాలక్రమంలో నామంగా స్థిరపడింది. ఫిజిక్స్, మాథమాటిక్స్‌ల చివరి ‘స్’ గ్రీకు బహువచన శీర్షికలను అనుకరించి తర్వాతి కాలంలో వచ్చిన పద్ధతి. లాజిక్, మ్యూజిక్, అరిథ్‌మెటిక్ అంతకు ముందే భాషలో కుదురుకున్నందువల్ల ఏకవచనంలోనే నిలిచాయి.

రసాయనశాస్త్రం తోకకు వేసిన కొలత

మామూలు భాషలో సంబంధాన్ని మాత్రమే సూచించే ఈ ప్రత్యయానికి రసాయనశాస్త్రం పరిమాణాన్ని అప్పగించింది. 1787లో రసాయనశాస్త్రజ్ఞులు గీతాన్ ద మొర్వో, లవాయిజియె, బెర్తోలె, ఫూర్క్రువా కలిసి ఫ్రెంచిలో కొత్త నామకరణ విధానాన్ని ప్రచురించారు. ఒకే మూలకం నుంచి రెండు ఆమ్లాలు ఏర్పడినప్పుడు, ఆక్సిజన్ ఎక్కువ ఉన్నదానికి ఒక తోక, తక్కువ ఉన్నదానికి మరో తోక అన్నది వారి ఏర్పాటు. ఇంగ్లీషు మీదుగా అవే మన పుస్తకాల్లోని ‘ఇక్’, ‘అస్’ అయ్యాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సల్ఫర్ ఆక్సీకరణ స్థితి (పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు కోల్పోయినట్టు లెక్కించాలో చెప్పే అంకె) 6, సల్ఫ్యూరస్‌లో 4. నైట్రిక్‌లో నైట్రోజన్‌ది 5, నైట్రస్‌లో 3. ఆమ్లం నుంచి లవణానికి వెళ్లినప్పుడు కూడా తోకలు జతలుగా మారతాయి: ‘ఇక్’ ఆమ్లం ‘ఏట్’ లవణాన్ని, ‘అస్’ ఆమ్లం ‘ఐట్’ లవణాన్ని ఇస్తాయి. అందుకే సల్ఫేట్ వేరు, సల్ఫైట్ వేరు.

లోహాలకూ ఇదే జత వర్తించింది. మెర్క్యురస్ క్లోరైడ్ నీటిలో దాదాపు కరగదు. కాలోమెల్ అన్న పేరుతో దాన్ని చాలాకాలం విరేచనాల మందుగా ఇచ్చారు, తర్వాత దాని హాని కూడా తెలిసి మానేశారు. మెర్క్యురిక్ క్లోరైడ్ నీటిలో కరుగుతుంది, తీవ్రమైన విషం. రెండు పేర్ల మధ్య తేడా ఒక్క తోక. రక్తహీనతకు ఇచ్చే మాత్రల మీద ఫెర్రస్ సల్ఫేట్ అని ఉండటానికీ కారణం ఉంది: పేగు కణాలు ఇనుమును ఫెర్రస్ రూపంలో సులభంగా గ్రహిస్తాయి, ఫెర్రిక్ రూపాన్ని ముందు మార్చుకోవాలి.

అయితే ఈ ఏర్పాటులో ఒక లోపం మొదటి నుంచీ ఉంది. ‘ఇక్’ ఎక్కువ అని చెబుతుంది, ఎంత అని చెప్పదు. ఫెర్రిక్ అంటే 3, క్యూప్రిక్ అంటే 2, స్టానిక్ అంటే 4. ఇనుము 2 స్థితిలో ఉంటే ‘అస్’, రాగి అదే 2 స్థితిలో ఉంటే ‘ఇక్’. కనుక ఒక లోహానికి నేర్చుకున్నది మరో లోహానికి పనికిరాదు, ఏ లోహానికి ఏ జతో కంఠస్థం చేయాల్సిందే. మూడు నాలుగు స్థితులు చూపే మాంగనీసు వంటి మూలకాలకు రెండే తోకలు చాలవు. ఈ ఇబ్బంది తీర్చడానికి ఆల్‌ఫ్రెడ్ స్టాక్ 1919లో ఆక్సీకరణ స్థితిని రోమన్ అంకెతో నేరుగా రాసే పద్ధతిని ప్రతిపాదించాడు. ఐరన్ మూడు క్లోరైడ్ అన్న పేరు చదివినవారికి ఇంకేమీ గుర్తుండనక్కర లేదు. అంతర్జాతీయ నామకరణం ఈ పద్ధతి వైపే మొగ్గింది. పాత పేర్లు మందుల సీసాల మీద, పాఠ్యపుస్తకాల్లో కొనసాగుతున్నాయి.

కర్బన ఆమ్లాల దగ్గర ‘ఇక్’ మళ్లీ తన పాత అర్థానికి వెళ్లిపోతుంది. ఫార్మిక్ అన్నది చీమకు లాటిన్ పేరు నుంచి, లాక్టిక్ పాల నుంచి, సిట్రిక్ నిమ్మజాతి నుంచి వచ్చాయి. ఇక్కడ తోక చెప్పేది ఆ ఆమ్లం మొదట దేని నుంచి దొరికిందో మాత్రమే. వీటికి ‘అస్’ జతలు వెతకడం వృథా. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అయితే ఆక్సిజనే లేదు. ఆమ్లాలన్నిటా ఆక్సిజన్ ఉంటుందన్న లవాయిజియె నమ్మకం తప్పని తేలిన తర్వాత కూడా తోక మాత్రం మిగిలింది.

తెలుగు లిపి చేసే మేలు, కీడు

రోమన్ లిపిలో పొడి అక్షరాలైనా ప్రత్యయమైనా అవే రెండు గుర్తులు. తెలుగు లిపి వాటిని తనంతట తానే విడదీస్తుంది: అక్షరాల పేర్లు పలికితే ‘ఐసీ’, ధ్వని పలికితే ‘ఇక్’. చదివేవారికి ఏది సంక్షిప్తమో ఏది తోకో తడుముకోవలసిన పని ఉండదు. ఇది నిజమైన లాభం. దానికి ఎదురు నష్టం కూడా ఉంది. తెలుగులో పెద్ద బడి, చిన్న బడి అక్షరాల భేదం లేదు. కిందికి దించి రాసే అలవాటూ బలంగా లేదు. దాంతో ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్, కలెక్టర్ కరెంటు, ఔషధ గాఢత మూడూ ఒకే ‘ఐసీ’గా మారతాయి. మూలంలో ముద్రణ రూపం మోసిన తేడా లిప్యంతరీకరణలో జారిపోతుంది.

పాఠాన్ని చదివి అర్థం తేల్చే కంప్యూటర్ల విషయంలో ఇది మరింత బరువైన సమస్య. అస్పష్ట పదానికి అర్థం తేల్చడానికి, దాని నిఘంటు వివరణల్లోని మాటలు చుట్టుపక్కల పదాల నిఘంటు వివరణల్లో ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కించే పద్ధతిని మైకేల్ లెస్క్ 1986లో చూపాడు. 2013లో వచ్చిన వర్డ్‌టువెక్ వంటి కంప్యూటర్ భాషా నమూనాలు ఒక పదానికి ఒకే సంఖ్యా రూపం ఇచ్చేవి, అందులో ఆ పదపు అర్థాలన్నీ కలగలిసిపోయేవి. 2018లో వచ్చిన బెర్ట్ తరహా నమూనాలు వాక్యాన్ని బట్టి ఆ రూపాన్ని మారుస్తాయి. కానీ వీటన్నిటికీ ఆధారం పొరుగు మాటలే. పొరుగు మాటలు నేర్చుకోవడానికి ఆ భాషలో, ఆ రంగంలో తగినంత రాత ఉండాలి. చిప్‌ల గురించి తెలుగులో దొరికే రాతతో పోలిస్తే కలెక్టర్ కరెంటు గురించో, ఐసీ50 గురించో దొరికేది చాలా తక్కువ కనుక, యంత్రం ఎక్కువ వాడుకలో ఉన్న అర్థం వైపు ఒరిగే ప్రమాదం ఉంటుంది.

పరిష్కారం కష్టమైనదేమీ కాదు. వ్యాసంలో మొదటిసారి వచ్చినప్పుడు పూర్తి పేరు రాసి, ఆ తర్వాతే పొడి అక్షరాలకు దిగాలి. భౌతికశాస్త్ర పాఠంలో రాశులకు రోమన్ గుర్తులనే ఉంచి, వాక్యంలో ‘కలెక్టర్ కరెంటు’ అని విప్పి రాయాలి. వైద్య నివేదికల తెలుగు అనువాదంలో సంక్షిప్తాలు అసలే ఉండకూడదు. ఇంకొకటి, ఈ రెండక్షరాలను తెలుగులో ఐసీ, ఐసి, ఐ.సి. అని మూడు విధాల రాస్తున్నారు. అక్షరాలను యథాతథంగా పోల్చే వెతుకులాటలో ఒకటి టైపు చేస్తే మిగిలిన రెండు దొరకవు, కాబట్టి ప్రచురణ సంస్థలు ఏదో ఒక రూపాన్ని ఎంచుకుని అన్నిచోట్లా దాన్నే పాటించడం అవసరం.